కారవాన్‌లో అంబలి... కృష్ణానగర్‌లో గది!

మే నెల. మిట్టమధ్యాహ్నం. నగరం శివార్లలో షూటింగ్. ఎండ ఎలా ఉందంటే, రిఫ్లెక్టర్ పట్టుకున్న కుర్రాడు చేతులకు తువ్వాలు చుట్టుకున్నాడు. యూనిట్‌లో సగం మంది గొడుగుల కింద, మిగతా సగం వేపచెట్టు కింద. నేను మాత్రం అదృష్టవంతుణ్ణి! ఒక యువ హీరోగారి ఇంటర్వ్యూ కోసం ఆయన కారవాన్‌లో, చల్లని ఏసీలో కూర్చున్నాను.

ఇంతలో ఆయన అసిస్టెంట్ ఒక ఫ్లాస్కు తెచ్చి, గాజు గ్లాసులో ఏదో వంచాడు. ముదురు గోధుమ రంగు, చిక్కగా ఉంది. పైన కొత్తిమీర రెమ్మ.

"మిల్లెట్ సూప్ అండీ! సమ్మర్‌లో లంచ్ మానేసి ఇదే తాగుతున్నాను. డైటీషియన్ రాసిచ్చారు. మీకూ కొంచెం?" అన్నారు హీరోగారు.

గ్లాసు నోటి దగ్గర పెట్టుకున్నానో లేదో... ఆ వాసన! రాత్రి నానబెట్టిన పిండికి తెల్లారేసరికి వచ్చే ఆ సన్నని పులుపు వాసన! నవ్వాగలేదు నాకు.

"ఏమిటండీ, బాగోలేదా?" అన్నారాయన కంగారుగా.

"బ్రహ్మాండంగా ఉంది సార్. మా ఊళ్లో దీన్ని తైదంబలి అంటారు" అన్నాను.

ఆయన కూడా నవ్వారు. ఇంటర్వ్యూ బాగా వచ్చింది. కానీ తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా మనసంతా ఆ గ్లాసు చుట్టే తిరిగింది. ఎందుకంటే, ఆ అంబలిని ఒకప్పుడు నేను సూట్‌కేసు అడుగున దాచాను. సిగ్గుపడి దాచాను! ఆ కథే ఇది.

ఐదుగురం, ఒక కూలరు

మాది పాన్‌గల్. ఇప్పుడు వనపర్తి జిల్లా, 2016కి ముందు ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా. ఊరి నెత్తిన కొండ, కొండ మీద కోట. బహమనీలు, విజయనగరం వాళ్లు, కుతుబ్‌షాహీలు, ఇలా దక్కను ఏలిన వాళ్లందరి కన్నూ పడిన కోట అది. అంత చరిత్ర ఉన్న ఊరి నుంచి డిగ్రీ పట్టా చేత్తో పట్టుకుని, సినిమా పత్రికల్లో రాయాలన్న పిచ్చితో ఇమ్లీబన్ బస్టాండులో దిగాను. తీరా ఉన్నదెక్కడంటే, కృష్ణానగర్‌లో ఒక పాత అపార్ట్‌మెంట్ ఐదో అంతస్తులో!

కృష్ణానగర్ సంగతి మీకు కొత్తగా చెప్పాలా? పూరీ జగన్నాథ్ 2008లో తీసిన 'నేనింతే' చూసిన వాళ్లందరికీ ఆ గల్లీలు పరిచయమే. తెల్లవారకముందే జూనియర్ ఆర్టిస్టులు రోడ్డు మీద గుంపులుగా నిలబడి ఉంటారు. యూనిట్ బస్సు వస్తే ఎక్కినవాడికి ఆ పూట భోజనం, సాయంత్రానికి డబ్బులు. ఎక్కలేనివాడికి టీ, బన్ను!

మా ఫ్లాటుకి లిఫ్టు లేదు. రెండు గదులు, ఒక వంటగది, నెత్తిన స్లాబు. అద్దె ఎనిమిది వేలు. ఐదుగురం పంచుకుంటే తలకి పదహారు వందలు. మా గదిలో ఎవరికీ సొంత పేరు ఉండేది కాదు. ఊరి పేరే పేరు! డైలాగులు బట్టీపట్టి అద్దం ముందు అప్పజెప్పేవాడు 'నర్సాపురం'. అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేరి ఏడాదిగా జీతం చూడనివాడు 'శ్రీకాకుళం'. ఎడిటింగ్ నేర్చుకుంటున్నవాడు 'కడప'. ఐదో ఆయన పెద్దాయన. మద్రాసు రోజుల నుంచీ కాస్ట్యూమ్స్‌లో పనిచేసిన టైలరు. ఆయన్ని మాత్రం అందరం 'బాబాయ్' అనేవాళ్లం.

నేను చేరిన మొదటిరోజు బాబాయ్ నా ఊరి పేరు విని ఎగిరి గంతేశాడు.

"పానగల్లా? పానగల్ పార్కు నాకు తెలీదా తమ్ముడూ! పక్కనే పాండీబజార్‌లో పదేళ్లు మెషీను తొక్కాను!"

మద్రాసు త్యాగరాయనగర్‌లోని ఆ పార్కుకి పేరు వచ్చింది పానగల్ రాజావారి వల్ల. 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వాన్ని నడిపిన తెలుగువాడాయన. కాళహస్తి వైపు జమీందారీ కుటుంబీకుడు. మాదేమో పాలమూరు కొండ కింది పల్లె. ఎంత చెప్పినా బాబాయ్ వింటేగా! చివరిదాకా నన్ను "ఏమోయ్ పార్కూ" అనే పిలిచాడు.

ఇక తిండి సంగతి. బ్యాచిలర్ గదుల్లో ఉన్నవాళ్లకు తెలిసిందే. అన్నం మాత్రం గదిలో కరెంటు కుక్కర్‌లో వండుకోవడం, కూర కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకోవడం. ఇరవై రూపాయల పప్పు పొట్లం ఐదుగురికి సరిపోవాలంటే అందులో మంచినీళ్లు కలపాలి. ఆ పని శ్రీకాకుళం చేసేవాడు. "ఇది పప్పు కాదురా, పప్పు సూపు" అనేవాడు. ఉన్నది ఒక్క కూలరు. దాని ముందు ఎవరు పడుకోవాలన్నది ప్రతి రాత్రీ చీటీలు వేసుకుని తేల్చుకునేవాళ్లం. కడపవాడికే ఎక్కువసార్లు చీటీ వచ్చేది. ఎలా వచ్చేదో ఈనాటికీ అంతుబట్టలేదు!

సూట్‌కేసు అడుగున

ఊరికి వెళ్లినప్పుడల్లా మా అమ్మ ఒక గుడ్డసంచి నిండా తైదల పిండి కట్టిచ్చేది. తైదలంటే రాగులే. కోస్తాలో చోళ్లు అని కూడా అంటారు.

"ఎండల తిరుగుతవు నాయినా. పొద్దుగాల ఇంత అంబలి తాగి పో. కడుపుల సల్లగుంటది" అనేది.

నేను తలూపేవాణ్ణి. గదికి రాగానే సంచిని సూట్‌కేసు అడుగున, బట్టల కింద తోసేసేవాణ్ణి.

ఎందుకంటారా? సిగ్గు! మా వైపు అంబలి అంటే చేను దున్నేవాళ్ల తిండి, బొంబాయికో పూనాకో వలసపోయే కూలీల తిండి. కరువు పేరు చెబితే గుర్తొచ్చే తిండి. నేనేమో జర్నలిస్టుని! ప్రివ్యూ షోలకు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లేవాణ్ణి. నర్సాపురంవాడు వాళ్లింటి పూతరేకులు తెచ్చి పంచుతుంటే, నేను తైదల పిండి తీసి ఏ మొహంతో చూపించను? అంబలి కాచి గిన్నెలో పెడితే "ఇదేంట్రా, పోస్టర్లు అంటించే మైదానా?" అంటారని భయం.

రెండు మూడు వారాలకు పిండి పురుగు పడుతుందేమోనని, ఎవరూ చూడకుండా కిందికి తీసుకెళ్లి వాచ్‌మన్ భార్యకు ఇచ్చేసేవాణ్ణి. ఆమెది మక్తల్ దిక్కు. మా పాలమూరు మనిషే. సంచి విప్పి వాసన చూసి, "కొత్త తైదలు సార్!" అని మురిసిపోయేది. అమ్మ ఫోన్‌లో "తాగుతున్నవా నాయినా?" అంటే "రోజూ తాగుతున్ననే" అనేవాణ్ణి. ఇలా ఒక ఏడాదికి పైగా అబద్ధం ఆడాను.

2015 మే

ఆ వేసవి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2015 మే నెలాఖరులో ఆంధ్ర, తెలంగాణల్లో వడగాలులు చెలరేగాయి. దేశంలో రెండువేల మందికి పైగా ఎండకు బలయ్యారు. అందులో ఎక్కువమంది మన రెండు రాష్ట్రాల వాళ్లే.

ఆ నెల మా గదిలో డబ్బుల కటకట. అద్దెకి పద్నాలుగు వందలు తక్కువ పడ్డాయి. తక్కువ పడింది నర్సాపురంవాడి వాటా. ఓనరు రెండుసార్లు పైకి వచ్చి వెళ్లాడు. నాకు చిరాకెక్కువై, "ఎంతసేపూ అద్దం ముందు డైలాగులేనా? ఏదైనా పని చూసుకోరాదూ!" అని వాడిమీద అరిచాను. అంతటితో ఊరుకోలేదు. నాకు తెలిసిన ఒక ఏజెంటుకి ఫోన్ చేసి, మర్నాడు ఒక షూటింగులో సైనికుడి వేషం ఇప్పించాను. పెద్ద ఉపకారం చేశానన్న ధీమా నాకు!

పొద్దున ఐదింటికి వెళ్లాడు. రెగ్జిన్ కవచం, నెత్తిన శిరస్త్రాణం, చేతిలో బల్లెం. నాలుగైదు వందలమంది అలాంటివాళ్లతో పాటు బయలు మైదానంలో మధ్యాహ్నం దాకా నిలబెట్టారట. మంచినీళ్ల డ్రమ్ము దూరంగా ఉంది. వెళ్లి వస్తే వరసలో చోటు పోతుందేమో, కెమెరాకి కనిపించే మొదటి వరస పోతుందేమోనని వాడు కదల్లేదు. మూడింటికి కూలబడిపోయాడు. తోటి సైనికులు ఇద్దరు ఆటోలో వేసుకుని ఆస్పత్రికి చేర్చారు.

మేం వెళ్లేసరికి సెలైన్ ఎక్కుతోంది. ఒళ్లు పెనంలా కాలిపోతోంది. ఎవరినో పేరుపెట్టి పిలుస్తున్నాడు. అది మాలో ఎవరి పేరూ కాదు. బాబాయ్ మంచం పక్కన కూర్చుని తడిగుడ్డతో కాళ్లు తుడుస్తూనే ఉన్నాడు. నేను వరండాలో నిలబడ్డాను. లోపలికి వెళ్లే ధైర్యం చాలలేదు. పంపింది నేనే కదా! పద్నాలుగు వందల కోసం!

డాక్టరు రెండోరోజు సాయంత్రం "గండం గడిచింది, ఇంకో గంట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లం" అన్నాడు.

గదికి తీసుకొచ్చాం. నోటికి ఏదీ సహించడంలేదు. అన్నం చూస్తే వాంతి. కర్రీ పాయింట్ పప్పు వాసనే పడటంలేదు. డాక్టరు పలచగా ఏదైనా కొద్దికొద్దిగా ఇవ్వమన్నాడు. ఏమివ్వాలో తెలీక నలుగురం మొహాలు చూసుకుంటున్నాం.

అప్పుడు తలుపు దగ్గర వాచ్‌మన్ భార్య. చేతిలో స్టీలు గిన్నె. చల్లారిన అంబలిలో మజ్జిగ, ఉప్పు కలిపి తెచ్చింది. నర్సాపురంవాడు ఒక గుక్క తాగాడు. ఆగి, ఇంకో గుక్క. మెల్లగా సగం గిన్నె ఖాళీ అయింది. రెండురోజుల తర్వాత కడుపులో నిలిచిన మొదటి ఆహారం అదే.

"ఏంటమ్మా ఇది? చాలా బాగుంది" అన్నాడు నీరసంగా.

"తైదంబలి సార్. పిండి నాది కాదు. ఈ సారు వాళ్లమ్మ పంపింది" అంది ఆమె నావైపు చూపించి.

గదిలో అందరూ నన్నే చూశారు. నేను నేలచూపులు చూశాను. ఎవరూ ఏమీ అడగలేదు. బాబాయ్ ఒక్కడే, "ఏమోయ్ పార్కూ, ఇంత మంచి సరుకు ఉంచుకుని మాకు నీళ్లపప్పు పోయించావా!" అన్నాడు. నవ్వు రావాల్సిన మాటే. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేశాను. "పిండి అయిపోయింది, ఇంకింత పంపు" అన్నాను. అబద్ధాలన్నీ ఆ ఒక్క మాటతో సరిపెట్టేశాను.

వేడా, చలవా?

ఆ తర్వాత మా గది వేసవి మెనూయే మారిపోయింది. ఒక మట్టికుండ కొన్నాం. రోజూ రాత్రి పిండి నానబెట్టడం ఒకడి డ్యూటీ, పొద్దున కాచడం ఇంకొకడి డ్యూటీ. రాత్రిపూట పచ్చిపులుసు. పొయ్యితో పెద్దగా పనిలేని చారు ఇది! కొత్త చింతపండు పిసికి, కాల్చిన పచ్చిమిర్చి నలిపి, ఉల్లిగడ్డ, జీలకర్ర, కొత్తిమీర వేసి నీళ్లు పోస్తే సరి. స్లాబు కింద ఉడికిపోతున్న మాకు స్టవ్వు ముందు ఎక్కువసేపు నిలబడే పని తప్పింది.

కానీ కడపవాడికి ఉలవచారు కావాలి, అదీ పొగలు కక్కుతూ! "వేడికి వేడే విరుగుడు" అని వాడి వాదం. "ఉక్కపోతలో ఉలవచారేంట్రా బాబూ, మమ్మల్ని చంపుతావా!" అని నర్సాపురం. ఈ తగాదా రెండు వేసవులు నడిచింది.

తమాషా ఏమిటంటే, ఇద్దరిదీ నిజమేనట! కెనడాలోని ఒట్టావా విశ్వవిద్యాలయంలో దీనిమీద పరిశోధన చేసి, 2012లో ఫలితాలు ప్రకటించారు. వేడిది తాగితే చెమట ఎక్కువ పడుతుంది. ఆ చెమట పూర్తిగా ఆవిరైతే ఒంట్లో వేడి తగ్గుతుంది. గాలిలో తేమ ఎక్కువుండి చెమట ఆరకపోతే మాత్రం లాభం లేదు. అంటే, పొడి ఎండ కాసే కడపలోనూ మా పాన్‌గల్‌లోనూ వేడి చారు పనిచేస్తుంది. సముద్రం పక్కన ఉక్కపోసే నర్సాపురంలో పనిచేయదు. ఎవడి ఊరి వాతావరణాన్ని బట్టి వాడు వాదించాడన్నమాట!

కొరియన్ సీరియల్స్ చూసే మన అమ్మాయిలకు ఇంకో సంగతి తెలిసే ఉంటుంది. అక్కడ వేసవిలో మహా ఎండలు కాసే మూడు ప్రత్యేక దినాల్లో, కోడిపిల్ల కడుపులో బియ్యం, జిన్‌సెంగ్ వేరు పెట్టి ఉడికించిన 'సమ్‌గ్యేతాంగ్' అనే సూపు వేడివేడిగా తాగుతారు. వేడిని వేడితోనే గెలవాలన్నది వాళ్ల సామెత. మన కడపవాడు ఆ దేశంలో పుట్టాల్సినవాడు!

ఇక మన తైదల విషయానికొస్తే, నూరు గ్రాముల్లో మూడువందల మిల్లీగ్రాముల పైన కాల్షియం ఉంటుంది. బియ్యంలో ఉండేదానికి ఎన్నో రెట్లు! ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక, మా అమ్మ గుడ్డసంచిలోని పిండి హఠాత్తుగా స్టార్ హోటల్ మెనూకార్డులెక్కింది. పేరు మారింది, ధర మారింది. రుచి మాత్రం అదే!

గదిలో పుట్టిన స్నేహాలు

సినిమావాళ్ల చరిత్రలో అద్దెగదులకు పెద్ద పీటే ఉంది. మద్రాసులో తొలిరోజుల్లో ఎన్.టి.రామారావు, సంగీత దర్శకుడు టి.వి.రాజు ఒకే గదిలో ఉన్నవారు. తర్వాత రామారావు సొంత సంస్థ పెట్టి 'పిచ్చి పుల్లయ్య' (1953), 'తోడుదొంగలు' (1954) తీసినప్పుడు సంగీతం ఎవరనుకున్నారు? ఆ గది మిత్రుడే!

మెగాస్టార్ చిరంజీవి, సుధాకర్, హరిప్రసాద్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ రోజుల రూమ్మేట్లు. సుధాకర్‌కి తమిళంలో భారతీరాజా సినిమా అవకాశం రావడంతో, ఆయన చేయాల్సిన 'పునాదిరాళ్లు' వేషం చిరంజీవికి వచ్చింది. ఒకరు ఖాళీ చేసిన చోట్లోకి ఇంకొకరు వెళ్లారు. అయినా స్నేహం చెడలేదు. 1988 వేసవిలో వచ్చిన 'యముడికి మొగుడు' నిర్మాణం వెనుక ఉన్నది ఆ మిత్రబృందమే. సినిమా ఎంత హిట్టయిందో చెప్పనక్కర్లేదు.

1981లో వచ్చిన బాలచందర్ 'ఆకలిరాజ్యం' చూశారా? ఢిల్లీలో ఒకే గదిలో ఉండే నిరుద్యోగ మిత్రుల ఆకలి కథ. మేం ఐదుగురం ఆ సినిమాని లాప్‌టాప్‌లో అంబలి గ్లాసులు పట్టుకుని చూశాం. మధ్యలో ఎవరూ మాట్లాడలేదు. కమల్‌హాసన్ ఎంత గొప్ప నటుడో ఆ రాత్రి తెలిసింది. మేం అంత ఆకలితో లేమన్న సంగతి కూడా!

అయితే నిజం చెప్పాలి. గదిలో ఉన్నవాళ్లందరూ స్టార్లు కారు. మా గదిలో ఎవరూ కాలేదు. శ్రీకాకుళం టీవీ సీరియల్స్‌కి పనిచేస్తున్నాడు. కడపవాడు పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తూ, మా అందరికంటే ఎక్కువ సంపాదిస్తున్నాడు. బాబాయ్ కూతురి దగ్గరికి చెన్నై వెళ్లిపోయాడు. సాయంత్రాలు పానగల్ పార్కు బెంచీ మీద కూర్చుంటానని ఫోన్‌లో చెబుతుంటాడు.

నర్సాపురం? ఆ మరుసటి ఏడాది సామాను సర్దుకుని ఊరెళ్లిపోయాడు. బస్టాండు దాకా నేను వెళ్లాను. "నా వల్లేనా?" అని అడగాలని దారంతా అనుకున్నాను. చివరికి బస్సు కదిలేముందు అడిగేశాను.

వాడు నవ్వాడు. "నీ వల్ల కాదురా. ఆస్పత్రిలో కళ్లు తెరిచాక నాకు మొదట వచ్చిన ఆలోచనేంటో తెలుసా? నేను పడిపోయిన షాట్ సినిమాలో ఉంచుతారా అని! అదీ నా పిచ్చి. ఆ పిచ్చికి నేనే భయపడ్డాను" అన్నాడు.

సినిమా విడుదలయ్యాక నేను రెండుసార్లు చూశాను. ఆ షాట్ లేదు.

కోట కింద కుండ

పోయిన వేసవిలో పాన్‌గల్ వెళ్లాను. కారవాన్ సంగతి అమ్మకి చెప్పాను. "హీరోలు సుత తాగుతుండ్రా?" అని ఆశ్చర్యపోయి, "మరి నువ్వు సిగ్గుపడి ఆ వాచ్‌మన్ పెండ్లానికి ఇస్తివి గద!" అంది.

నా నోట్లో అంబలి నోట్లోనే ఉండిపోయింది. "నీకెట్ల తెలుసే?"

"ఆమెనే ఫోన్ చేసింది. పిండి మంచిగుందమ్మా అని. నీ ఫోన్‌ల నుంచి నంబర్ తీసుకున్నదంట. అప్పటిసంది ఇద్దరికి అయ్యేంత పంపుతనే ఉన్న" అంది అమ్మ, కుండలో తెడ్డు తిప్పుతూ.

ఏడాదికి పైగా నేను అబద్ధం ఆడాననుకున్నాను. ఆమె నిజం తెలిసే, రోజూ "తాగుతున్నవా నాయినా?" అని అడిగింది!

అప్పుడే నర్సాపురంవాడికి వీడియో కాల్ చేశాను. ఇప్పుడు వాడికి సొంత కిరాణా కొట్టు ఉంది. వెనకాల కోట, ముందు కుండ చూపించాను. వాడు కొట్టులోని రాగిపిండి ప్యాకెట్ల వరస చూపించి, "మా దగ్గర బాగా పోతున్నాయిరా పానగల్. కొన్నవాళ్లందరికీ ఎలా కాయాలో నేనే చెబుతున్నాను" అన్నాడు.

మీరూ ఏ గదిలోనో నలుగురైదుగురు కలిసి ఉంటున్నారా? అయితే రాసుకోండి. మనిషికి రెండు చెంచాల పిండి గ్లాసు నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున రెండు గ్లాసుల నీళ్లు మరిగించి, ఆ పిండినీళ్లు పోస్తూ ఉండకట్టకుండా తిప్పండి. పది నిమిషాలు ఉడికాక దించి, చల్లారాక ఉప్పు, మజ్జిగ కలపండి. పక్కన ఒక ఉల్లిగడ్డ ముక్క. అంతే!

ఒక్క హెచ్చరిక. ఎండదెబ్బ తగిలి ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతుంటే అంబలి కోసం వెతుక్కోకండి. నీడకి చేర్చి, తడిగుడ్డతో తుడుస్తూ వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. గది స్నేహితుడికి మొదట చేయాల్సింది అది. అంబలి తర్వాత.

ఇంకొక్క మాట. మీ అమ్మగారు కట్టిచ్చిన సంచి సూట్‌కేసు అడుగున ఉంటే, ఈ రాత్రే పైకి తీయండి. గదిలో అందరికీ పెట్టండి. నవ్వితే నవ్వనీయండి!